థర్మామీటరుకు అందని వేడి

ప్రశ్న: నాకు వేడి చేసిందని అమ్మమ్మ అంటుంది. థర్మామీటరు పెడితే జ్వరం లేదు. మరి ఆ వేడి ఎక్కడుంది? (బోగోలు నుంచి ఒక అబ్బాయి)

మంచి సందేహమే బాబూ. థర్మామీటరు నీ ఒంటి వెచ్చదనం కొలుస్తుంది, దాని లెక్కకు నువ్వు 98.6 డిగ్రీల దగ్గరే ఉన్నావు. అమ్మమ్మ చూసేది వేరు. మూత్రం పచ్చగా, మంటగా వస్తోందా, నోరు పూసిందా, కళ్ళు మండుతున్నాయా, ఇవన్నీ కలిపి ఆమె పెట్టిన పేరు వేడి.

ఇది ఎందుకొస్తుందో మీ ఊరి ఎండాకాలంలోనే వెతకవచ్చు. కొత్త మట్టికుండలో నీళ్ళు ఎలా చల్లబడతాయి? గోడల్లోంచి ఊరిన తడి ఆరుతూ కుండలోని వేడిని పట్టుకుపోతుంది. మన చెమటా అంతే. ఒక లీటరు చెమట ఒంటిమీదే ఆరితే దాదాపు 580 కిలోకేలరీల వేడి దానితో పోతుంది. ఆరితేనే సుమా! జువ్వలదిన్నె వైపు నుంచి వచ్చే సముద్రపు గాలిలో తేమ ముందే నిండి ఉంటుంది. అందుకని చెమట ఆరక చొక్కా తడిపి కారిపోతుంది. ఒళ్ళు చల్లబడలేదు కనక ఇంకా చెమట పోస్తుంది. నీళ్ళు మాత్రం తగ్గిపోయాయి. అప్పుడు మూత్రపిండాలు పొదుపు మొదలుపెడతాయి. మూత్రం చిక్కబడి, పచ్చబడి, మండుతుంది. నోటిపూతకు మాత్రం వేరే కారణాలూ ఉంటాయి, రక్తహీనతా వాటిలో ఒకటి. రెండు వారాలైనా మానకపోతే డాక్టరుకు చూపించాలి.

మరి సబ్జా, సుగంధిపాల, మజ్జిగ ఎలా చలవ చేస్తాయి? సబ్జాగింజ నీళ్ళు పీల్చి చుట్టూ జిగురుగా ఉబ్బుతుంది. మజ్జిగలో నీళ్ళూ ఉప్పూ రెండూ ఉన్నాయి. నన్నడిగితే, సగానికి పైగా మేలు ఆ గ్లాసెడు నీళ్ళదే. వట్టి నీళ్ళు తాగమంటే పిల్లలు తాగరు, సుగంధిపాల షర్బత్ అంటే రెండో గ్లాసూ అడుగుతారు!

వేడి చేసిందనే మాట మన ఒక్కరిదే కాదు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ కూడా ఉక్కపోత తీరమే. అక్కడివాళ్ళు దీన్ని ‘షాంగ్ హువో’, అంటే నిప్పు పైకెక్కడం అంటారు. దానికి చేమంతిపూలు, చేదు మూలికలు కాచిన ‘లియాంగ్‌చా’ తాగుతారు. 2006లో చైనా దాన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. అక్కడి వైద్యులు వేడిని రెండుగా చూస్తారు: నిప్పు ఎక్కువై పుట్టేది ఒకటి, ఒంట్లో తడి తగ్గి తేలేది ఇంకొకటి. రెండోదానికి చేదు ఇవ్వరు, తడి నింపే మూలికలిస్తారు. మన చెమట కథకు ఆ రెండోదే దగ్గర.

థర్మామీటరు 104 దాటి, మనిషి మాట తడబడితే అది వడదెబ్బ. అప్పుడు ఏ షర్బతూ పట్టకూడదు. నీళ్ళు చల్లి, విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అన్నట్టు, సబ్జాను పొడిగా మింగకు. గొంతులోనే ఉబ్బుతుంది. పావుగంట నాననివ్వు.