సబ్‌నెట్ లెక్క.. బైనరీ రాయకుండా చేయడమెలా?

నెట్‌వర్కింగ్ ఉద్యోగాలకు సిద్ధమవుతున్నారా? సీసీఎన్‌ఏ పరీక్షలో క్యాలిక్యులేటర్ అనుమతించరు. గేట్ కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లోనూ ఐపీ అడ్రసింగ్ ఉంది. ప్రతి ప్రశ్నకూ 32 బిట్లు రాసుకుంటూ కూర్చుంటే, తెలిసిన ప్రశ్నలకు కూడా సమయం చాలదు. అందుకే ఈ పద్ధతి నేర్చుకోండి.

గుర్తుంచుకోవాల్సింది ఇంతే..

/25కి 128, /26కి 64, /27కి 32, /28కి 16, /29కి 8, /30కి 4. ఒకటి పెరిగితే సగమవుతుంది. దీన్నే బ్లాక్ సైజు అంటారు. మాస్క్ 255.255.255.224 అని ఇస్తే చివరి సంఖ్యను 256లోంచి తీసేయండి. వచ్చేది 32.

ఉదాహరణకు..

192.168.10.77/27 తీసుకోండి. 32వ ఎక్కం చెప్పుకోండి: 0, 32, 64, 96. చివరనున్న 77.. 64కు, 96కు మధ్య ఉంది. కాబట్టి నెట్‌వర్క్ అడ్రస్ 192.168.10.64. తర్వాతి బ్లాక్ మొదలయ్యే 96కు ఒకటి తగ్గిస్తే 95. చివర 95 ఉన్నదే బ్రాడ్‌కాస్ట్. మధ్యలోని 65 నుంచి 94 వరకు 30 అడ్రస్‌లను కంప్యూటర్లు, ప్రింటర్లకు ఇవ్వొచ్చు.

చాలామంది పొరపడేది ఇక్కడే..

/17 నుంచి /23 వరకు లెక్క నాలుగో సంఖ్యపై కాదు, మూడో సంఖ్యపై చేయాలి. ఇచ్చినదానికి 8 కలిపి పై వరుసలో చూడండి. 172.16.45.10/20 అయితే 20+8=28, అంటే బ్లాక్ 16. మూడో సంఖ్య 45.. 32కు, 48కి మధ్య ఉంది. నెట్‌వర్క్ 172.16.32.0. బ్రాడ్‌కాస్ట్ 172.16.47.255. చివర 255 మరిస్తే మార్కు పోయినట్లే!

రోజూ పది లెక్కలు నోటితో చేయండి. జవాబు సరిచూసుకోవడానికి మాత్రమే బైనరీ వాడండి.