ముట్లుడుగు వయసు - నడుము కొలత

గడచిన కార్తికమాసమున మా అక్కగారి కాలి బొటనవ్రేలికి తుమ్మముల్లు గ్రుచ్చుకొన్నది. పసుపు పెట్టిరి, వేపాకు కాచిన నీటితో కడిగిరి, నెల దాటినను పుండు మానలేదు. పట్టణమున డాక్టరుగారు పుండును చూచుటకు ముందే చేతివ్రేలికొసను గ్రుచ్చి నెత్తురుచుక్కను పరీక్షించిరి. చక్కెర 318 ఉన్నది. ఎన్నాళ్లనుండి ఈ వ్యాధి కలదని వారడుగగా, "మా వంశమున ఎవ్వరికిని లేదండీ" యని మా అక్కగారు బదులు చెప్పిరి.

వంశమున లేదు, నిజమే. కాని మూడేండ్లుగా ఆమె రాత్రులందు లేచి నీళ్లు త్రాగుచుండిరి. మధ్యాహ్నము భోజనము కాగానే కన్నులు మూతపడుచుండెను. చీర కుచ్చెళ్లు దోపుకొనుచోట మాత్రము ఒడలు పెరిగి, కాలుసేతులు సన్నబడెను. చూచినవారందఱు "ఈ వయసున అంతేనమ్మా" యనిరి. అట్లనినవారిలో మేమును ఉంటిమి. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే హేతువు.

ముట్లుడుగుట వ్యాధి గాదు. ఋతుధర్మము 12వ యేట మొదలై 50వ యేట ఉడుగునని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. నేటి లెక్కలలో మన దేశపు స్త్రీలకు సగటున 46, 47 ఏండ్లకే అది ఉడుగుచున్నది. అయితే ఇది ఒక్కనాటితో ముగియునది కాదు. అంతకు కొన్నేండ్లు ముందునుండియే అండాశయములు ఈస్ట్రోజెను అను హార్మోనును ఒకప్పు డెక్కువగను, ఒకప్పుడు తక్కువగను విడుచుచుండును. ముట్లు తప్పుట, ఉన్నట్టుండి ఒడలెల్ల వేడెక్కి చెమట పోయుట, నిద్ర పట్టకుండుట మనకు తెలిసిన గుర్తులు. తెలియనివి లోపల జరుగుచుండును.

పిల్లలను కనునట్టి వయసున ఈస్ట్రోజెను క్రొవ్వును పిఱుదులందును తొడలందును దాచియుంచును. ఆ హార్మోను తఱిగినకొలది క్రొవ్వు కడుపులోపల, ప్రేగులచుట్టును కాలేయమునందును చేరును. తొడలయందలి క్రొవ్వు గాదెలో పోసిన ధాన్యమువలె కదలక యుండును. కడుపులోనిది అట్లుండదు. ఎడతెగక కాలేయముపై తన భారమును మోపుచు, ఇన్సులిను ఆజ్ఞను శరీరము పాటింపకుండ చేయును. ఇన్సులిను అనగా తిన్న చక్కెరను నెత్తురునుండి కండలలోనికి పంపునట్టిది. దాని ఆజ్ఞ చెల్లనపుడు చక్కెర నెత్తురులోనే నిలిచిపోవును. చెడ్డ కొలెస్టరాలు పెరుగుటయు ఈ కాలముననే.

నలుబది దాటగానే జఠరాగ్ని మందగించుననియు, ఒడలు పెరుగుట అందువలననే యనియు పెద్దలేకాక చదువుకొన్నవారును అనుచుందురు. 2021లో సైన్సు అను పత్రికయందు ప్రకటింపబడిన పరిశోధన యొకటి ఈ నమ్మకమును కదల్చినది. 29 దేశములలో 6,400 మందికి పైగా జనుల శరీరములు దినమునకెంత శక్తిని వ్యయించునో కొలిచిరి. ఒడలి పరిమాణమును లెక్కలోనికి తీసికొన్నచో, 20 ఏండ్లనుండి 60 ఏండ్లవఱకు ఆ వ్యయము ఇంచుమించు ఒక్కతీరుననే యుండునని తేలినది. స్త్రీలకైనను పురుషులకైనను ఇట్లే. మఱి మన ఒడలేల మాఱుచున్నది? అమెరికాలో 1996నుండి "స్వాన్" అను పేర వేలకొలది స్త్రీలను ఏండ్లతరబడి పరీక్షించుచు వచ్చినవారు దీనికి కొంత సమాధానము చెప్పిరి. కడపటి ముట్టుకు రమారమి 2 ఏండ్ల ముందు క్రొవ్వు చేరు వేగము ఇబ్బడియగును. కండ తఱుగ నారంభించును. ముట్లుడిగిన 2 ఏండ్లవఱకు ఇది సాగును. కండ పోయినచోట క్రొవ్వు వచ్చినచో త్రాసుముల్లు అంతగా కదలదు గదా! మా అక్కగారి బరువు మూడేండ్లలో మూడు కిలోలే పెరిగినది. కావుననే ఎవ్వరికిని అనుమానము రాలేదు.

తెలుగునాట వేఱొక సంగతి కలదు. చెప్పుటకు సంకోచించితిమి గాని, దాచుట తప్పు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి రమారమి 3 కాగా, ఆంధ్రప్రదేశమున 9, తెలంగాణమున 8 మంది యుండిరి. ఆ తొమ్మండుగురిలో మా అక్కగారు ఒకరు. 37వ యేట రక్తస్రావ మెక్కువగుచున్నదని ఒక ఆసుపత్రికి పోగా, "ఇద్దఱు పిల్లలు పుట్టిరి గదా, ఇక ఆ సంచితో మీకేమి పని?" యని తీసివేసిరి. అండాశయములను గూడ తీసిరన్న మాట కాగితమున ఇంగ్లీషులో వ్రాసియున్నది. ఎవ్వరును చదివి చెప్పలేదు. ఎనిమిదేండ్ల తరువాత, పుండు మానని దినములలో, పెట్టె వెదకి ఆ కాగితమును మేము చదివితిమి. ఆమె చాలసేపు పలుకలేదు.

అండాశయములు తీసినచో ఏండ్లమీద రావలసిన మార్పు కొలది దినములలోనే వచ్చిపడును. ఎముకలకును గుండెకును ఆ లోటు తగులును. సంచిని మాత్రమే తీసినను, అండాశయముల పని కొన్నేండ్లు ముందుగనే ఆగుట కద్దు. క్యాన్సరు వంటివానియందు శస్త్రచికిత్స తప్పనిది. ఉత్త రక్తస్రావమునకు మాత్రలు, గర్భసంచిలో నుంచు హార్మోను సాధనము మున్నగు ఉపాయములు ముందుగ చూడవలసినవి. తీయక తప్పనప్పుడు "అండాశయములు ఉంచుదురా, తీయుదురా?" యని అడిగి, ఆ కాగితమును మనకు తెలిసిన భాషలో చెప్పించుకొనవలెను. చిన్నవయసున వానిని కోల్పోయినవారికి, అడ్డంకులు లేనిచో, సహజముగ ముట్లుడుగు వయసువఱకు ఆ హార్మోనును మందుగ నిచ్చుట నేటి వైద్యపద్ధతి. ఎవరికి తగునో డాక్టరుగారే నిర్ణయింపవలెను. మా అక్కగారి వద్ద ఎవ్వరును ఆ మాటయే ఎత్తలేదు.

ఇక వంటయింటి సంగతి. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన నియమములలో, దినమునకు కావలసిన శక్తిలో ధాన్యములనుండి వచ్చునది నూటికి 45 పాళ్లు మించరాదని యున్నది. మన దేశమున 50 మొదలు 70 పాళ్లవఱకు ఉన్నదనియు వారే వ్రాసిరి. మన యిండ్లలో ఆడువారి విషయమున ఇది ఇంకను ఎక్కువయేమో యని మాకు తోచును. అందఱకు వడ్డించి కడపట కూర్చుండువారికి పప్పుగిన్నె అడుగంటియుండును, కూర యుండదు. మిగిలినది అన్నము, ఊరగాయ, మజ్జిగ. పాఱవేయలేక మఱి రెండు ముద్దలు. ఉపవాసదినములలో సగ్గుబియ్యపు వడలును బెల్లపు పాయసమును ఫలహారమను పేర లోనికి పోవుట కూడ మన మెఱుగనిది కాదు. అన్నము మానుమని మేము చెప్పము, మేమును మానలేదు. పప్పు, గ్రుడ్డు, పెసలు, సెనగలు, ఆకుకూరలు విస్తరిలో ముందు చోటుచేసికొన్నచో అన్నము తనంత తాను తగ్గును.

"తెల్లవాఱినది మొదలు ఇంటిపనియే గదా, ఇంకేమి వ్యాయామము?" అని అడుగువారు పెక్కండ్రు. నిలువుకాళ్లపై నిలిచి అలసిపోవుట నిజము. కాని కండకు బరువు తగిలిననే కండ నిలుచును. రుబ్బురోలు పోయినందుకు మేము విచారింపము. మా అమ్మమ్మగారి నడుము ఆ రోటివద్దనే వంగిపోయినది. చేతులూనక కుర్చీనుండి లేచి కూర్చుండుట పదేసిమాఱులు, నీళ్లు నింపిన సీసాలను రెండు చేతుల నెత్తుట, భోజనము కాగానే 10 నిమిషములు నడచుట ఇంటిలోనే జరుగగల పనులు. చెన్నపట్టణమున చక్కెర హద్దులో నున్న 531 మందిని మూడేండ్లు చూచి 2006లో ప్రకటించిన పరిశోధనలో, నడకయు ఆహారనియమమును పాటించినవారికి మధుమేహము వచ్చు అపాయము నూటికి 28 పాళ్లు తగ్గినది.

పరీక్షలు పెద్ద వ్యయము గావు. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములలో 30 ఏండ్లు నిండినవారికి చక్కెరయు రక్తపుపోటును ఉచితముగ చూడవలెనని ప్రభుత్వ నియమము. పరగడుపున 100కు లోపలనున్నచో మేలు. 100 మొదలు 125 వఱకు హద్దు. 126 ఆపైన మరల పరీక్షించినను అట్లే యున్నచో మధుమేహము. గర్భిణిగ నున్నపుడు చక్కెర వచ్చి కాన్పుతో పోయినవారు ముట్లుడుగువఱకు ఆగరాదు. వారికి అపాయము అనేక రెట్లు.

మా వారు బడిలో పిల్లలకు కొలతలు నేర్పు టేపును ఒకనాడు ఇంటికి తెచ్చిరి. కడపటి ప్రక్కటెముకకును తుంటి యెముకకును నడుమ, ఊపిరి విడిచి కొలువవలెను. మన దేశపు స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. 38 ఏండ్ల మాకు 86 వచ్చినది. పరగడుపు చక్కెర 108. పరుల నుద్దేశించి వ్రాయబూనిన వ్యాసము మా గుమ్మమునకే వచ్చినది.

మా అక్కగారి వ్రేలికొసను తీయవలసివచ్చెను. పుండు మానినది. చక్కెర మందులతో 140 వద్ద నిలిచియున్నది. ఇప్పుడు మా బావగారితోపాటే కూర్చుండి, పప్పును కూరను ముందు తన విస్తరిలో వడ్డించుకొనుచున్నారు. మొదటి దినమున ఆమె అత్తగారు వింతగా చూచిరట. రెండవ దినమున తామును ప్రక్కనే పీట వేసికొనిరట.