కనిపిస్తూనే ఉందిగా... ఇంకా నిరూపించడమేంటి?

నాగార్జునసాగర్‌లో నీటిమట్టం 530 అడుగుల దగ్గర ఉందనుకోండి. ఎగువన వానలు పడ్డాయి. శ్రీశైలం గేట్లెత్తారు. కొద్దిరోజుల్లోనే సాగర్ నిండి, మట్టం 590 అడుగులకు చేరింది. మరి ఈ మధ్యలో ఏదో ఒక క్షణాన నీళ్లు సరిగ్గా 550 అడుగుల దగ్గర ఉన్నాయా, లేదా?

ఉన్నాయి. అందులో అనుమానమేముంది! 550ని తాకకుండా 590కి ఎలా వెళ్తాయి? మూడో తరగతి పిల్లాడైనా చెబుతాడు.

‘సరే... నిరూపించు’ అంటుంది బీఎస్సీ రెండో సంవత్సరం లెక్కల పుస్తకం!

ఆ సబ్జెక్టు పేరు రియల్ అనాలిసిస్. తెలుగులో చెప్పాలంటే వాస్తవ విశ్లేషణ. నల్గొండ నాగార్జున కాలేజీ అయినా, పాలమూరు ఎంవీఎస్ అయినా బీఎస్సీలో లెక్కలు తీసుకున్నవాళ్లకు ఇది తప్పదు. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో 2016లో సెమిస్టర్ పద్ధతి వచ్చాక మూడో సెమిస్టర్‌లో చేరింది. అప్పటిదాకా లెక్కలంటే మంచినీళ్లు తాగినంత తేలిక అనుకున్న పిల్లలు కూడా మొదటి వారంలోనే బిత్తరపోతారు. ‘గిది కనవడ్తనే ఉంది గద సార్, ఇంక ప్రూవ్ చేసుడేంది?’... ఈ ప్రశ్న వినని అనాలిసిస్ లెక్చరర్ ఉండరేమో.

జవాబు ముందే ఇచ్చేస్తారు

బిత్తరపోవడంలో పిల్లల తప్పు లేదు. ఇంటర్ రెండేళ్లూ వాళ్లు చేసిన లెక్కల చివర ‘కనుక్కోండి’, ‘సాధించండి’ అని ఉంటుంది. ఫార్ములా గుర్తొస్తే చాలు, జవాబు దానంతటదే వస్తుంది. ఎప్‌సెట్‌కైతే మరీను. నిమిషానికో లెక్క. ‘ఎందుకు?’ అని ఆగితే పక్కవాడు దాటిపోతాడు. సైన్ ఎక్స్ బై ఎక్స్ అవధి ఎంత అంటే నిద్రలో లేపి అడిగినా ‘ఒకటి’ అంటారు. అసలు అవధి అంటే ఏమిటి అని అడిగితే మాత్రం... నిశ్శబ్దం.

ఇక్కడ కథ తిరగబడుతుంది. జవాబు ప్రశ్నలోనే ఉంటుంది. ‘ఈ అనుక్రమం సున్నాకు చేరువవుతుందని చూపండి’ అని. ఎక్కడికి వెళ్లాలో తెలుసు, దారే వేయాలి. ఆ దారిలో ప్రతి అడుగుకీ ఆధారం చూపించాలి. ‘బొమ్మ గీస్తే తెలుస్తోంది’ అంటే కుదరదు.

ఎందుకంత మొండితనం? కళ్లు మోసం చేస్తాయి కాబట్టి.

లోకంలో భిన్నాలు మాత్రమే ఉన్నాయనుకుందాం. అంటే సగం, ముప్పావు, ఏడింట మూడొంతులు లాంటివి. ఒక సంఖ్య తీసుకుని దాని వర్గం నుంచి 2 తీసేయండి. 1తో మొదలుపెడితే వచ్చేది మైనస్ 1. 2 తీసుకుంటే ప్లస్ 2. సాగర్ నీళ్లలాగే, మైనస్ నుంచి ప్లస్‌కి వెళ్తూ మధ్యలో సున్నాని తాకాలి కదా? తాకదు! ఎందుకంటే వర్గం సరిగ్గా 2 అయ్యే భిన్నం ఎక్కడా లేదు. పదో తరగతి లెక్కల పుస్తకం మొదటి పాఠంలోనే ఆ సంగతి ఉంది. భిన్నాలు ఎంత ఒత్తుగా పరుచుకున్నట్టు కనిపించినా వాటి మధ్య చిల్లులున్నాయి. ఆ చిల్లులన్నీ పూడ్చిన గీతే వాస్తవ సంఖ్యల రేఖ. సాగర్ ప్రశ్నకు ‘ఉన్నాయి’ అని మనం ధీమాగా చెప్పేది ఆ గీతను నమ్ముకునే. గీతలో చిల్లు లేదని చెప్పే నియమం లేకపోతే ఆ ధీమాకు ఆధారమే లేదు.

ఇది పెద్దపెద్ద వాళ్లకే ఆలస్యంగా తెలిసింది. న్యూటన్, లైబ్నిజ్‌లు కలన గణితాన్ని కనిపెట్టింది 17వ శతాబ్దంలో. సాగర్ లాంటి ప్రశ్నను నిరూపించి తీరాలని ప్రేగ్ నగరంలో బోల్జానో పట్టుబట్టింది 1817లో. జ్యూరిక్‌లో పిల్లలకు కలన గణితం చెప్పాల్సి వచ్చిన డెడికిండ్‌కు, తను చెప్పేదానికి గట్టి పునాది లేదని అనిపించింది. చిల్లులు పూడ్చే ఉపాయం ఆయనకు తట్టిన రోజు 1858 నవంబరు 24. అచ్చయ్యేసరికి 1872!

భువనగిరి గుట్ట మీద...

ఇంట్లో పిల్లల్ని ఓ ప్రశ్న అడిగి చూడండి. ఒకాయన ఉదయం ఆరింటికి భువనగిరి కోట ఎక్కడం మొదలుపెట్టి ఎనిమిదింటికి పైకి చేరాడు. రాత్రి అక్కడే ఉన్నాడనుకుందాం. మర్నాడు ఆరింటికి అదే దారిలో దిగడం మొదలుపెట్టి ఎనిమిదింటికి కిందికొచ్చాడు. మధ్యలో ఆగాడో, పరిగెత్తాడో మనకు తెలీదు. రెండు రోజులూ సరిగ్గా ఒకే టైమ్‌కి ఆయన ఒకే మెట్టు దగ్గర ఉన్న సందర్భం కచ్చితంగా ఉందా?

ఉంది. ఎక్కే మనిషీ దిగే మనిషీ ఒకేరోజు ఇద్దరుగా బయల్దేరారని ఊహించుకోండి. దారి ఒక్కటే. ఎక్కడో ఎదురుపడక తప్పదు! ఇదీ సాగర్ నీళ్ల సిద్ధాంతమే. ఎక్కడ, ఎన్నింటికి అన్నది అది చెప్పదు. ‘ఉంది’ అని మాత్రం హామీ ఇస్తుంది. ఫార్ములాలకు అలవాటుపడ్డ పిల్లలకు ఈ ‘ఉంది కానీ ఎక్కడో తెలీదు’ అన్న జవాబు ఓ పట్టాన మింగుడు పడదు.

సర్పంచ్ ఒక్కడేనా?

అందరినీ ముప్పుతిప్పలు పెట్టేది మాత్రం ఎప్సిలాన్. నిజానికి అదో బేరం. 1, సగం, మూడో వంతు, పావు... ఇలా పోతున్న వరుస సున్నాకు చేరువవుతుందని మీ వాదన. ‘ఎంత దగ్గరికి రావాలో నువ్వే చెప్పు’ అని ఎదుటివాణ్ని అడుగుతారు. ‘వెయ్యో వంతు కన్నా దగ్గరికి’ అంటాడు. ‘1001వ పదం నుంచి అన్నీ అంతకన్నా దగ్గరే’ అంటారు మీరు. ‘కోటో వంతు’ అంటాడు. ‘కోటీ ఒకటో పదం నుంచి చూసుకో’. అతనేది అడిగినా మీ దగ్గర జవాబుంటే మీరు గెలిచినట్టు. అతనడిగే ఆ కొలతే ఎప్సిలాన్.

ఇందులో కీలకం ఎవరు ముందు మాట్లాడారన్నదే. ‘ప్రతి ఊరికీ ఒక సర్పంచ్ ఉంటాడు’ అనడం వేరు, ‘ఒకే సర్పంచ్ అన్ని ఊళ్లకూ ఉంటాడు’ అనడం వేరు. మాటలు దాదాపు అవే. వరుస మారితే పంచాయతీరాజ్ చట్టమే మార్చాలి! జవాబుపత్రాల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

అలాగని నొచ్చుకోనక్కర్లేదు. ఈ గుంటలో మొదట పడింది సాక్షాత్తూ కోషీ. అనాలిసిస్‌ను దారిలో పెట్టిన ఆ ఫ్రెంచి మేధావి, 1821లో విద్యార్థుల కోసం రాసిన పుస్తకంలో ఒక సిద్ధాంతం పెట్టాడు. తెగని గీతలను ఒకదాని మీద ఒకటి అనంతంగా కూడుకుంటూ పోతే, మొత్తం ఒక గీతకు చేరువైతే, అదీ తెగనిదే అవుతుందని. ఐదేళ్లకు నార్వే కుర్రాడు అబెల్ ఓ ఫుట్‌నోట్‌లో, అది చెల్లని ఉదాహరణ చూపించాడు. తిరకాసు ఎక్కడంటే... ప్రతి బిందువుకూ దాని సర్పంచ్ ఉన్నాడు కానీ, అన్ని బిందువులకూ కలిపి ఒకే సర్పంచ్ లేడు!

ఈ గజిబిజిని చక్కదిద్ది ఎప్సిలాన్ బేరాన్ని క్లాసురూముల్లో స్థిరపరిచిన పెద్దమనిషి వయర్‌స్ట్రాస్. తండ్రి పరిపాలన, న్యాయశాస్త్రం చదవమని బాన్ పంపిస్తే, కత్తిసాములో మునిగి పట్టా లేకుండా ఇంటికొచ్చాడు. తర్వాత టీచర్ ట్రైనింగ్ చేసి, పదేళ్లకు పైగా చిన్న ఊళ్లలో బడిపంతులుగా పనిచేశాడు. లెక్కలతోపాటు చేతిరాత, వ్యాయామం కూడా నేర్పాడు. 1854లో అచ్చయిన ఒక్క పరిశోధన వ్యాసంతో పేరు మోగిపోయింది. రెండేళ్లకు బెర్లిన్‌లో ప్రొఫెసర్.

మూడు భాషల ముచ్చట

నల్గొండ, పాలమూరు పిల్లలకు ఇంకో చిక్కుంది. నిజాం కాలంలో ఇక్కడి నుంచి డిగ్రీకి హైదరాబాద్ వెళ్తే, 1918లో మొదలైన ఉస్మానియాలో ఉర్దూలో చదవాలి. అందుకోసం ప్రత్యేకంగా అనువాద విభాగమే ఉండేది. తర్వాత ఇంగ్లిష్ వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ పుట్టాక డిగ్రీ లెక్కలు తెలుగులోనూ అచ్చయ్యాయి. ఇప్పుడు చాలాచోట్ల మళ్లీ ఇంగ్లిషే. సిలబస్‌లో సూచించిన పుస్తకం అమెరికన్ ప్రొఫెసర్ కెనెత్ రాస్ రాసింది.

ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లకి ‘సుప్రీమం’ అంటే శబ్దమే తప్ప అర్థం తట్టదు. ‘కనిష్ఠ ఎగువ హద్దు’ అంటే మాటలోనే నిర్వచనముంది. పైన ఉన్న హద్దుల్లో అన్నిటికన్నా చిన్నది. అలాగని అకాడమీ తెలుగంతా తేటనీరు కాదు. ‘అవధి వ్యవస్థితం’ అంటే అవధి ఉంది అని అర్థం చేసుకోవడానికి ఇంకో గురువు కావాలి!

కీ లేని పుస్తకం

‘ఇది చదివితే ఉద్యోగమొస్తదా?’ దేవరకొండ తండాల నుంచో, మక్తల్ పల్లెల నుంచో వచ్చిన పిల్లల ఇళ్లలో ఇది న్యాయమైన ప్రశ్న. డిగ్రీ దాకా వచ్చిన తొలితరం వాళ్లు వీళ్లలో చాలామంది. కూలి డబ్బులతో కట్టిన ఫీజులు. గ్రూప్స్‌లోనో బ్యాంకు పరీక్షలోనో ఎప్సిలాన్ ఎవరూ అడగరు. కానీ లెక్కల లెక్చరర్ కావాలంటే ఎమ్మెస్సీ కావాలి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి 2004 నుంచి జరుగుతున్న జామ్ అయినా, ఆ తర్వాత రాసే నెట్ అయినా అనాలిసిస్ దగ్గర తడబడితే గట్టెక్కడం కష్టం. ఊరిలోనే ఎమ్మెస్సీ చదువుకునేందుకు నల్గొండలో 2007లో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరులో 2008లో పాలమూరు యూనివర్సిటీ వచ్చాయి. అక్కడా మొదటి ఏడాదిలోనే అనాలిసిస్ మళ్లీ ఎదురొస్తుంది.

బట్టీ కొట్టి గట్టెక్కేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. ‘ఇంపార్టెంట్’ సిద్ధాంతాలు పదిహేను కంఠస్థం చేస్తే సెమిస్టర్ దాటేయొచ్చు. ఆ నేరం పిల్లలది కాదు, ఏటా అవే ప్రశ్నలు తిప్పితిప్పి ఇచ్చే పేపర్లది. కాకపోతే అలా దాటినవాళ్లు జామ్‌లో ఒక షరతు అటూఇటూ మార్చి అడిగితే ఆగిపోతారు.

అసలు ఇబ్బంది ఇంకోటుంది. మామూలు లెక్కకు పుస్తకం వెనక జవాబుంటుంది. టిక్కు పెట్టుకోవచ్చు. నిరూపణకు కీ ఉండదు. ఒకే సిద్ధాంతాన్ని నలుగురు నాలుగు దారుల్లో నిరూపించవచ్చు, నాలుగూ ఒప్పే కావచ్చు. తన దారిలో గుంట ఉందో లేదో రాసినవాడికి ఒక పట్టాన కనపడదు. ఇంకో మనిషి చదవాలి. నిండు క్లాసులో ప్రతి నోట్‌బుక్కూ చదివే తీరిక లెక్చరర్లకు ఎక్కడిది? అందుకే హాస్టల్ గదిలో ఇద్దరు కూర్చుని, ఒకరు రాస్తుంటే ఇంకొకరు ప్రతి వాక్యానికీ ‘ఎందుకు?’ అని అడ్డుపడటం మంచి పద్ధతి. అడ్డుపడేవాడికి సబ్జెక్టు పెద్దగా రాకపోయినా ఫర్వాలేదు, మొహమాటం లేకపోతే చాలు.

ఇదే పద్ధతిని దేశమంతటా వేసవి శిబిరాలుగా నడుపుతున్న కార్యక్రమం ఎంటీటీఎస్. 1993లో దాన్ని మొదలుపెట్టిన ఆచార్య ఎస్.కుమరేశన్ తర్వాతి కాలంలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. అనాలిసిస్ మీద పుస్తకమూ రాశారు. ఈ శిబిరాలకు డిగ్రీ పిల్లలూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంపికైతే నాలుగు వారాలు. అక్కడ పాఠం విని రాసుకోవడం కుదరదు. మాస్టారు అడుగుతుంటారు, పిల్లలు నిరూపిస్తుంటారు.