యానాం దాకా వంగి వచ్చే రాడార్ కిరణం

యానాం వైపు వచ్చే వానలను, తుపాన్లను రెండు డాప్లర్ రాడార్లు కనిపెట్టి ఉంటాయి. నేరుగా కొలిస్తే మచిలీపట్నం రాడార్ సుమారు 130 కిలోమీటర్లు, విశాఖపట్నం రాడార్ సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. దేశంలో తొలి తుపాను రాడార్ 1970లో విశాఖలోనే వెలసింది. ఇవి సుమారు 10 సెంటీమీటర్ల పొడవున్న తరంగాలను పంపి, వానచినుకులకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటాయి.

రేడియో తరంగం శూన్యంలో సెకనుకు 2,99,792 కిలోమీటర్లు పోతుంది. గాలిలో ఆ వేగం కాస్త తగ్గుతుంది. నేల దగ్గర గాలి వక్రీభవన గుణకం సుమారు 1.0003, కోస్తా ఉక్కపోతలో 1.0004కు చేరువవుతుంది. అంటే సెకనుకు దాదాపు 100 కిలోమీటర్ల తగ్గుదల. దీనికి కారణాలు రెండు: గాలి సాంద్రత, నీటి ఆవిరి. నీటి అణువుకు ఒక కొస ధనావేశం, మరో కొస రుణావేశం ఉండటంతో రేడియో తరంగపు విద్యుత్ క్షేత్రానికి అది అటూ ఇటూ తిరుగుతుంది. కాంతి తరంగాల కంపన వేగాన్ని మాత్రం అందుకోలేదు. అందుకే ఆవిరి ప్రభావం కాంతి మీద కంటే రాడార్ మీద చాలా ఎక్కువ.

పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, ఆవిరి తగ్గుతుంది. దాంతో తరంగం పైభాగం కింది భాగం కంటే వేగంగా సాగి, కిరణం నేలవైపు వంగుతుంది. అయితే భూమి వంపు అంతకంటే ఎక్కువ కాబట్టి కిరణం నేలకు క్రమంగా దూరమవుతూనే ఉంటుంది. ఈ లెక్కను తేలిక చేయడానికి ఇంజినీర్లు భూమి వ్యాసార్థాన్ని 6,371కి బదులు 8,500 కిలోమీటర్లుగా తీసుకుని, కిరణాన్ని సరళరేఖగా గీస్తారు. మచిలీపట్నం నుంచి అర డిగ్రీ కోణంలో బయలుదేరిన కిరణం మధ్యభాగం యానాం మీదికి వచ్చేసరికి దాదాపు 2.1 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. గాలి వంచకపోతే ఆ ఎత్తు 2.5 కిలోమీటర్లు. తుపాను సమయంలో నేలకు దగ్గరగా వీచే గాలులను దూరపు రాడార్ సరిగా చూడలేకపోవడానికి కిరణం ఇంత ఎత్తున పోవడమే కారణం.

గుణకం సాధారణంగా కిలోమీటరు ఎత్తుకు 0.00004 చొప్పున తగ్గుతుంది. తగ్గుదల 0.000157కు చేరితే కిరణం భూమి వంపుతో సమానంగా సాగుతుంది. అది దాటితే నేలకూ పై పొరకూ మధ్య చిక్కుకుపోతుంది. దీన్ని డక్టింగ్ అంటారు. తేమతో నిండిన సముద్రపు గాలి మీదుగా పొడి వేడిగాలి పరుచుకున్నప్పుడు ఇది ఏర్పడుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బొంబాయి దగ్గరి రాడార్‌కు సుమారు 2,700 కిలోమీటర్ల అవతలి అరేబియా ప్రతిధ్వనులు అందింది ఇలాగే. డక్టింగ్ వల్ల కొండలు, ఓడలు, అలలు కూడా తెరపై వానలా కనిపిస్తాయి. కదలని కొండలను, కదలికను గుర్తించే డాప్లర్ వడపోత తీసేస్తుంది. కదిలే అలలను, ఓడలను తీసేయడం కష్టం.

వేగం తగ్గడం వాన రాడార్‌కు పెద్ద సమస్య కాదు. 100 కిలోమీటర్ల దూరానికి తేడా 30, 35 మీటర్లే. ఉపగ్రహ రాడార్లకు అది చాలా ఎక్కువ. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ ఉపగ్రహం సముద్రమట్టాన్ని సెంటీమీటర్లలో కొలిచేది. నిట్టనిలువు దారిలో పొడిగాలి వల్ల 2.3 మీటర్లు, ఆవిరి వల్ల 40 సెంటీమీటర్ల దాకా దూరం ఎక్కువగా కనబడుతుంది. పొడిగాలి వాటాను వాయుపీడనం నుంచి లెక్కకడతారు. గంటగంటకూ మారే ఆవిరిని కొలవడానికి ఆ ఉపగ్రహంలోనే ఒక రేడియోమీటర్ అమర్చారు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచే ఎగిరిన, నేల కదలికలను కొలిచే నైసార్ ఉపగ్రహ రాడార్‌కూ ఇదే చిక్కు. గోదావరి డెల్టా వంటి చోట రెండు చిత్రాలు తీసిన రోజుల మధ్య ఆవిరి తేడా నేల కుంగినట్టు భ్రమ కలిగించగలదు. అనేక చిత్రాలను పోల్చి, సగటు తీసి ఆ తేడాను తగ్గిస్తారు.