మంచు మీద పురిటిల్లు

అత్తయ్యగారూ నేనూ టీవీలో అంటార్కిటికా చూస్తున్నాం. ఎంపరర్ పెంగ్విన్ తల్లి ఒకే ఒక్క గుడ్డు పెట్టి, తండ్రి పాదాల మీదికి దొర్లించి, మేతకి సముద్రానికి వెళ్ళిపోతుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో, రెండు నెలలు నోట్లో ఏమీ పెట్టకుండా పొదగడం తండ్రి పనే! "మన మగవాళ్ళకి చూపించాలమ్మాయ్" అన్నారావిడ. నవ్వుకున్నాం గానీ, తర్వాతి సంగతి వింటే అన్నం సయించలేదు.

గడ్డకట్టిన సముద్రమే వాటి పురిటిల్లు. ఆ మంచు అడుగున పెరిగే నాచుని క్రిల్ అనే బుల్లి రొయ్యల్లాంటి జీవులు తింటాయి. వాటిని చేపలూ, ఆ రెంటినీ పెంగ్విన్లూ తింటాయి. 2022లో బెల్లింగ్స్‌హాసెన్ సముద్రంలో ఆ మంచు ముందే విరిగిపోయింది. పిల్లలకింకా నీళ్ళకి తడవని ఈకలు రాలేదు. అక్కడి ఐదు స్థావరాల్లో నాలుగింట ఒక్క పిల్లా బతికి ఉండకపోవచ్చన్నారు శాస్త్రజ్ఞులు. పొట్టలో మేత దాచి తెచ్చిన అమ్మానాన్నలు ఎంతసేపు పిలిచాయో!