విరమించడమూ ధైర్యమే

‘బ్రతికి ఉంటే బలుసాకు తినవచ్చు’ అన్నారు మన పెద్దలు. ఘోర ప్రమాదం నుండి బయటపడిన వ్యక్తికి ఈ మాట కొంత ఊరటనిస్తుంది. కాని కోలుకున్న కొన్నాళ్ళకు, తిరిగి అదే పనికి పూనుకోవాలా, విరమించుకోవాలా అన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది. డైవింగ్‌లో ప్రమాదానికి గురైన వారి అనుభవాలు ఈ ప్రశ్నకు చక్కని సమాధానం చూపుతాయి.

ఫ్రాన్స్‌లో 1943లో జాక్ కూస్టో, ఎమిల్ గాన్యాన్ రూపొందించిన ‘ఆక్వాలంగ్’, వీపున గాలి సిలిండరుతో సాగరగర్భంలో స్వేచ్ఛగా విహరించే అవకాశాన్ని మానవునికి కల్పించింది. నేడు ఎల్.టి.సి.పై అండమాన్ వెళ్ళే ఉద్యోగుల కుటుంబాలు సైతం స్వరాజ్ ద్వీపంలో (పూర్వపు హేవ్‌లాక్) ఆ ఆనందాన్ని చవిచూడగలుగుతున్నాయి. అయితే లోతు పెరిగే కొద్దీ అపాయమూ పెరుగుతుంది.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. 30 మీటర్ల వద్ద మొత్తం పీడనం ఉపరితలంలో ఉన్న దానికి నాలుగు రెట్లు. ఆ ఒత్తిడికి పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలోను, కణజాలంలోను కరుగుతుంది. డైవర్ తొందరపడి పైకి వస్తే, మూత తీసిన సోడాలో వలె అది బుడగలుగా వెలువడుతుంది. ఆ బుడగలు కీళ్ళను నొప్పిస్తాయి. వెన్నుపామును, మెదడును సైతం దెబ్బతీయగలవు. ఊపిరి బిగబట్టి పైకి వస్తే, వ్యాకోచించిన గాలికి ఊపిరితిత్తులే చిట్లవచ్చు.

2012లో జరిగిన రెండు సంఘటనలు ఇక్కడ గమనించదగినవి. ఆ సంవత్సరం సెప్టెంబరులో ఉత్తర సముద్రంలో, సుమారు 90 మీటర్ల లోతున పనిచేస్తున్న బ్రిటిష్ వృత్తి డైవర్ క్రిస్ లెమన్స్‌కు ఓడ నుండి శ్వాసవాయువును అందించే గొట్టం తెగిపోయింది. అత్యవసర సిలిండరులో ఉన్న వాయువు కొద్ది నిమిషాలకే సరిపోతుంది. అరగంటకు పైగా గడిచిన తరువాత సహచరులు ఆయనను రక్షించారు. ఆశ్చర్యకరంగా శరీరానికి శాశ్వత హాని జరగలేదు. మూడు వారాలకే ఆయన తిరిగి విధులకు హాజరయ్యారు.

అదే సంవత్సరం జూన్‌లో, సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి దిగే ఆస్ట్రియా దేశస్థుడు హెర్బర్ట్ నిట్ష్ గ్రీస్‌లోని సాంటోరినీ వద్ద 253 మీటర్ల లోతును చేరారు. పైకి వచ్చేటప్పుడు స్పృహ తప్పారు. నత్రజని బుడగల వలన మెదడు తీవ్రంగా దెబ్బతిన్నది. దీర్ఘకాలం శ్రమించి కోలుకున్న ఆయన రికార్డుల వేటకు స్వస్తి పలికారు. సముద్రంపై ప్రేమను మాత్రం విడువక, దాని పరిరక్షణకు కృషి చేస్తున్నారు.

వీరిలో మొదటివారు సాహసి, రెండవవారు పిరికివారు అనగలమా? ఇరువురి నిర్ణయాలూ సముచితమైనవే. శరీరం ఏ స్థితిలో ఉన్నది, ప్రమాదానికి కారణమేమిటి, అది మళ్ళీ సంభవించే అవకాశం ఎంత అన్నవే ఇక్కడ పరిగణించవలసిన అంశాలు. కాళ్ళలో తిమ్మిరి, బలహీనత మిగిలినవారు, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు, డైవింగ్ వైద్యంలో అనుభవమున్న డాక్టరు అనుమతి లేనిదే నీటిలో దిగరాదు. ఆయన వద్దంటే అదే తుది మాట కావాలి. మనస్సును వీడని భయాన్ని కూడ తేలికగా తీసుకోరాదు. నీటి అడుగున కలిగే గాభరాయే మరో ప్రమాదానికి మూలం కాగలదు.

‘ఒక్కసారి దిగితే భయం పోతుంది’ అని బలవంతపెట్టడం బంధుమిత్రులకు తగదు. కర్మాగారంలోను ఇదే నీతి వర్తిస్తుంది. ఎత్తు నుండి జారిపడి బ్రతికిన సహోద్యోగి, ఇక నేలమీద పని ఇప్పించమని కోరితే పరిహసించకండి. నిన్నటి వరకు నిచ్చెన ఎక్కిన ఆ చేతులు రేపు కొత్తవారికి భద్రతా బెల్టు బిగించడం నేర్పగలవు. ఇంటివద్ద ఎదురుచూసే ఆలుబిడ్డలకు ఆయన ఏ పని చేస్తున్నారన్నది కాదు, సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరడమే ముఖ్యం.