పిల్లల ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టం అంటున్న తల్లిదండ్రులు.. అతి జాగ్రత్తా? అవసరమా?

బారసాల, అన్నప్రాసన, ఫస్ట్ బర్త్‌డే, అక్షరాభ్యాసం.. ఇంట్లో ఏ వేడుక జరిగినా గంట తిరక్కుండానే ఫొటోలు స్టేటస్‌లోకి ఎక్కేస్తాయి. నడక రాకముందే ఇన్‌స్టాలో సొంత పేజీ ఉన్న బుజ్జాయిలూ ఉన్నారు. అయితే కొందరు తల్లిదండ్రులు ఇప్పుడు దీనికి రివర్స్‌లో వెళ్తున్నారు. వేడుక ఘనంగానే చేస్తున్నారు, ఫొటోలూ తీయించుకుంటున్నారు. ఆన్‌లైన్‌లో మాత్రం పెట్టట్లేదు. పెట్టినా వెనక నుంచి తీసిన ఫొటోనో, ముఖం మీద ఎమోజీ ఉన్న ఫొటోనో కనిపిస్తోంది. ఎందుకిలా చేస్తున్నారు? ఇప్పుడు చూద్దాం..

స్టార్ల ఇంట్లోనూ ఇదే రూల్

రామ్ చరణ్, ఉపాసన దంపతులకు 2023 జూన్‌లో పాప పుట్టింది. పండగ ఫొటోలు, గుడికి వెళ్లిన ఫొటోలు పోస్ట్ చేసినా చాలాకాలం పాటు పాప ముఖం మాత్రం కనిపించనివ్వలేదు. విరాట్ కోహ్లీ, అనుష్క శర్మ కూడా 2021 జనవరిలో కూతురు పుట్టగానే ఫొటోలు తీయొద్దని కెమెరామెన్లను రిక్వెస్ట్ చేశారు.

అయినా ఏమైంది? 2022 జనవరిలో కేప్‌టౌన్ వన్డే జరుగుతుండగా స్టాండ్స్‌లో తల్లి చేతుల్లో ఉన్న పాపను టీవీ కెమెరా కొన్ని క్షణాలు చూపించింది. అంతే.. నిమిషాల్లో స్క్రీన్‌షాట్లు వైరల్ అయ్యాయి. ఆ ఫొటోలు వాడొద్దని అనుష్క మళ్లీ విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది. ఏడాది పాటు పడ్డ జాగ్రత్తకు గండి కొట్టడానికి ఆ కొన్ని క్షణాలే సరిపోయాయి.

తెలుగువాళ్లు ఉలిక్కిపడ్డ ఘటన

2024 జులైలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. తండ్రీ కూతుళ్లు సరదాగా చేసుకున్న ఓ రీల్‌ను ఒక తెలుగు యూట్యూబర్ లైవ్‌లో ప్లే చేసి, మిగతావాళ్లతో కలిసి అసభ్యంగా కామెంట్లు చేశాడు. ఈ వీడియోను హీరో సాయి దుర్గ తేజ్ ఎక్స్‌లో ప్రస్తావిస్తూ రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల దృష్టికి తీసుకెళ్లారు. పిల్లల ఫొటోలు, వీడియోలు పెట్టేముందు ఒక్కసారి ఆలోచించండంటూ తల్లిదండ్రులను కోరారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి, ఆ యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్ట్ చేసింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ రీల్‌లో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. తప్పు చూసినవాళ్ల బుద్ధిలోనే ఉంది. కానీ ఎవరు చూడాలి, ఎలా వాడాలి అన్నది పోస్ట్ చేసినవాళ్ల చేతిలో ఉండదు. చాలామంది తల్లిదండ్రులను భయపెట్టింది ఇదే.

ఒక్క ఫొటోలో ఎన్ని వివరాలు?

స్కూల్ మొదటి రోజు ఫొటోనే తీసుకోండి. యూనిఫాం మీద స్కూల్ లోగో, మెడలో ఐడీ కార్డు, దాని మీద పేరు, క్లాస్, నాన్న ఫోన్ నంబర్. వెనకాల బస్ నంబరో, అపార్ట్‌మెంట్ పేరో. క్యాప్షన్‌లో ముద్దు పేరు. గత నెల పెట్టిన కేక్ ఫొటోలో పుట్టిన రోజు. అన్నీ కలిపి చూస్తే తెలియని మనిషికి కూడా ఆ పాప పేరు, వయసు, ఏ స్కూల్, ఏ టైమ్‌కి ఎక్కడ దిగుతుందో తెలిసిపోతుంది. స్కూల్ గేట్ దగ్గర ముద్దు పేరుతో పిలిస్తే తెలిసినవాళ్లే అనుకుని పిల్లలు నమ్మే ప్రమాదం ఉంది.

ఏఐ వచ్చాక లెక్క మారింది

ఇంతకుముందు ఫొటో మార్ఫింగ్ చేయాలంటే కాస్త పనితనం కావాలి. ఇప్పుడు ఏఐ యాప్ ఉంటే చాలు. మామూలు ఫొటో నుంచి కూడా అశ్లీల చిత్రాలు తయారవుతున్నాయి. 2023లో జర్మనీ టెలికాం కంపెనీ డాయిష్ టెలికామ్ ఓ ప్రచార వీడియో చేసింది. తొమ్మిదేళ్ల పాపను ఏఐతో పెద్దమ్మాయిలా మార్చి, తన ఫొటోలు ఎలా దుర్వినియోగం కావచ్చో తల్లిదండ్రులకు ఆమె చేతే చెప్పించింది. ఆ వీడియో ప్రపంచమంతా వైరల్ అయింది.

2024లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ మరో విషయం బయటపెట్టింది. ఏఐ టూల్స్‌కు ట్రైనింగ్ ఇవ్వడానికి వాడే లయాన్-5బీ అనే డేటాసెట్‌లో బ్రెజిల్, ఆస్ట్రేలియా పిల్లల ఫొటోల లింకులు ఉన్నాయని తేల్చింది. అవి ఇళ్లలో, స్కూళ్లలో తీసిన మామూలు ఫొటోలే. తమ పిల్లల ఫొటో అక్కడిదాకా వెళ్తుందని పెట్టినవాళ్లు ఊహించి ఉండరు.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది. 18 ఏళ్లలోపు వారి డేటా వాడాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని అందులో ఉంది. దీనికి సంబంధించిన రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి.

అయితే ఇక్కడే ఓ మెలిక ఉంది. సొంత అవసరానికి, ఇంటి అవసరానికి వాడే డేటాకు ఈ చట్టం వర్తించదు. ఎవరి డేటా అయితే వాళ్లే అందరికీ కనిపించేలా పెట్టినా వర్తించదు. పిల్లల విషయంలో ఆ ‘వాళ్లు’లో తల్లిదండ్రులు కూడా వస్తారు. అంటే అమ్మానాన్నే పబ్లిక్‌గా పెట్టేసిన ఫొటోకు ఈ చట్టం రక్షణ దొరకడం కష్టమే. దాన్ని ఎవరైనా అశ్లీలంగా మారిస్తే మాత్రం ఐటీ చట్టం సెక్షన్ 67బీ ఉంది. మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, రూ.10 లక్షల వరకు జరిమానా. పోక్సో చట్టం కూడా వర్తించొచ్చు.

ఫ్రాన్స్ ఒక అడుగు ముందుకేసింది. 2024 ఫిబ్రవరిలో తెచ్చిన చట్టం ప్రకారం పిల్లల ఫొటోల ప్రైవసీని కాపాడే బాధ్యత తల్లిదండ్రులిద్దరిదీ. ఇద్దరికీ కుదరకపోతే, ఒకరి ఒప్పుకోలు లేకుండా రెండోవారు పోస్ట్ చేయకుండా జడ్జి ఆపొచ్చు.

అసలు చిక్కు ఇంట్లోనే

చెప్పినంత ఈజీ కాదిది. కొడుకు డాలస్‌లో ఉంటే గుంటూరులో ఉన్న నానమ్మకు మనవరాలిని చూసుకునే దారి ఫోనొక్కటే. ముచ్చటపడి స్టేటస్ పెట్టుకుంటుంది. తీసేయమంటే ‘మేమేమైనా పరాయివాళ్లమా?’ అని నొచ్చుకుంటుంది. మేనత్త, బాబాయ్, పక్కింటి ఆంటీ.. ఎంతమందికని చెప్పాలి?

నిజానికి ఈ జాగ్రత్త మన పెద్దలకు కొత్తేం కాదు. పసిబిడ్డ బుగ్గన దిష్టి చుక్క పెట్టడం, పురిటి రోజుల్లో అందరికీ చూపించకపోవడం వాళ్లు నేర్పినవే. ‘బయటివాళ్ల కళ్లు పడకూడదు అత్తయ్యా, మీకు రోజూ వీడియో కాల్ చేస్తాం’ అంటే ప్రైవసీ పాలసీ గురించి చెప్పినదానికన్నా త్వరగా అర్థమవుతుంది.

ఫొటోలు పెట్టాలనుకుంటే ఇవి చూసుకోండి

- అకౌంట్ ప్రైవేట్‌లో పెట్టండి. ఫాలోవర్ల లిస్ట్‌లో తెలియనివాళ్లను తీసేయండి.
- వాట్సాప్ స్టేటస్‌ను సెలెక్ట్ చేసిన కాంటాక్ట్స్‌కే కనిపించేలా మార్చుకోండి. పాలవాళ్ల నుంచి ప్లంబర్ దాకా అందరి నంబర్లూ మీ ఫోన్‌లోనే ఉంటాయి.
- స్నానం చేయిస్తున్నవి, బట్టలు సరిగా లేనివి, ఏడుస్తున్నవి, తిట్లు తింటున్నవి అస్సలు వద్దు.
- యూనిఫాం, ఐడీ కార్డు, ఇంటి నంబర్ కనిపించకుండా చూడండి. ఊరు వెళ్తే తిరిగొచ్చాకే పోస్ట్ చేయండి.
- స్కూళ్లు, డ్యాన్స్ క్లాసులు కూడా తమ పేజీల్లో పిల్లల ఫొటోలు పెడతాయి. ఇష్టం లేకపోతే అడ్మిషన్ టైమ్‌లోనే రాసి ఇవ్వండి.
- మాటలు అర్థమయ్యే వయసు పిల్లలైతే వాళ్లనే అడగండి. వద్దంటే వదిలేయండి.

ఎవరైనా దుర్వినియోగం చేస్తే?

ముందుగా స్క్రీన్‌షాట్, లింక్ సేవ్ చేసుకోండి. ఆ ఫొటోను ‘చూశారా’ అంటూ గ్రూపుల్లో ఫార్వర్డ్ చేయొద్దు. ఆ ప్లాట్‌ఫామ్‌లో రిపోర్ట్ కొట్టి, నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో గానీ దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు చేయండి. 1930 సైబర్ హెల్ప్‌లైన్, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ కూడా ఉన్నాయి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో అకౌంట్ తెరవాలంటే 13 ఏళ్లు నిండాలి. ఆ వయసొచ్చి సొంత ఫోన్ చేతికి అందేసరికి వందల ఫొటోలు తమను అడక్కుండానే ఆన్‌లైన్‌లో ఉన్నాయని చాలామంది పిల్లలకు తెలుస్తుంది. ఇవాళ పెట్టకుండా ఆపిన ఫొటోను రేపు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. పెట్టేసిన ఫొటోను అన్ని ఫోన్ల నుంచి వెనక్కి తెచ్చుకోవడం మాత్రం ఎవరి వల్లా కాదు.